అడిగేదాకా నోరు విప్పను

ఆ ఉదయం గడ్డం గీసుకుంటూనే సైన్సు మాస్టారు తీర్మానించుకున్నారు. ఇవాళ పిల్లల్లో ఎవరో ఒకరు "ఎందుకు?" అని అడిగేదాకా క్లాసులో నోరు విప్పకూడదు. పిల్లలు అడిగితేనే పాఠం పుట్టాలని ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతం వినివిని స్టాఫ్‌రూమంతా విసిగిపోయింది కానీ, ఆయన క్లాసులో ఇంతవరకూ ఒక్క ప్రశ్నా పుట్టలేదు. "మార్జిన్ కొట్టుకోవాలా సార్?" అన్నదాన్ని ఆయన లెక్కలో వేసుకోరు. పక్క క్లాసులో ఏ పిల్లో "ఎందుకు టీచర్?" అంటే చాలు, ఇటు చాక్‌పీసు పట్టుకున్న ఆయన ప్రాణం కొట్టుకుపోయేది.

"ఒక్క ప్రశ్న... ఒక్కటంటే ఒక్కటి..." అని ఆయన అద్దంతో గొణుక్కోవడం భార్య చెవిన పడింది.

"ప్రశ్నలకి అంత మొహం వాచిపోయారా? ఇంట్లో నేనడిగేవి చాలట్లేదా?"

"నువ్వడిగేవి ప్రశ్నలు కావే, సంజాయిషీలు!" అన్నారు మాస్టారు. తీర్మానం సంగతి మాత్రం చెప్పలేదు. చెబితే నవ్వుతుంది.

మొదటి పీరియడ్‌లో పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, దానిమీద గాజుగ్లాసు బోర్లించారు. మంట రెపరెపలాడి ఆరిపోయింది. నీళ్ళు గ్లాసులోకి పైకెక్కాయి. మాస్టారు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. పిల్లలంతా బుద్ధిగా బొమ్మ గీసుకున్నారు.

మళ్ళీ వెలిగించారు. మళ్ళీ గీసుకుని, కింద "పటం 2" అని కూడా రాసుకున్నారు.

మాస్టారు కళ్ళతో బతిమాలారు. కనుబొమలు ఎగరేశారు. చివరికి చేయి వంకరగా తిప్పి గాలిలో ప్రశ్నార్థకం గీశారు. ఆ వంకర చేయి చూడగానే క్లాస్ లీడర్ గుండె జారిపోయింది. వాళ్ళ తాతయ్యకి పక్షవాతం వచ్చినప్పుడు చేయి అచ్చం ఇలాగే ఉండేది. వాడు ఒక్క పరుగున హెడ్ మేడమ్ గదిలో పడ్డాడు.

"మేడమ్, సారుకి మాట పడిపోయింది!"

మేడమ్ పరుగెత్తుకొచ్చారు. "మాస్టారూ! ఏదీ, మీ పేరు చెప్పండి!"

మాస్టారు పెదవుల మీద వేలు పెట్టుకుని, పిల్లల వైపు చూపించారు.

"అయ్యో పాపం, పిల్లల్ని చూసుకోమంటున్నారు," అని మేడమ్ కళ్ళు ఒత్తుకున్నారు.

అటెండర్ ఆయన్ని కుర్చీలో కుదేశాడు. లెక్కల మాస్టారు అరికాళ్ళు రుద్దసాగారు. డ్రిల్లు మాస్టారు అంబులెన్సుకి ఫోన్ చేస్తే, మేడమ్ సైన్సు మాస్టారి ఇంటికి చేశారు. నోరు విప్పితే అంతా క్షణంలో సర్దుకునేదే. కానీ ఇప్పుడు విప్పితే ఆ ప్రశ్న ఇక ఈ జన్మకి రాదనిపించింది ఆయనకి.

భార్య రొప్పుకుంటూ వచ్చింది. "పొద్దున్న నాతో చక్కగా పోట్లాడారు కదండీ! ఏదో ఒకటి అనండి! పోనీ, తిట్టండి!"

ఆమె ఏడుపు చూసి మాస్టారి గుండె నీరైపోయింది. సిద్ధాంతం సంగతి సరే, ఇక చాలనుకుని నోరు తెరవబోయారు. అప్పుడే కిటికీ పక్క బెంచీలోంచి ఒక చేయి లేచింది. హాజరు పలకడానికి తప్ప గొంతు ఎత్తి ఎరగని పిల్లది.

"నీళ్ళు పైకి ఎందుకెక్కాయి సార్?"

"నోర్ముయ్! ప్రశ్నలకి ఇదా సమయం?" అని మేడమ్ కసిరారు.

"ఆగండి మేడమ్! అడగనివ్వండి!" అంటూ మాస్టారు కుర్చీలోంచి లేచిపోయారు.

మాట తిరిగొచ్చిందని గదంతా చప్పట్లు. భార్య అక్కడే ఓ బెంచీ మీద కూలబడింది. మాస్టారికి అవేవీ పట్టలేదు.

"మంటకి ఆక్సిజన్ కావాలి తల్లీ. గ్లాసులో ఉన్నదాన్ని మంట వాడేసుకుంది. ఆ ఖాళీలోకి నీళ్ళొచ్చాయి." ఎన్నాళ్ళుగానో దాచుకున్న జవాబు ఆయన ఒక్క గుక్కలో చెప్పేశారు.

ఆ పిల్ల కూర్చోలేదు. "అలాగైతే మంట ఉన్నంతసేపూ కొంచెం కొంచెంగా ఎక్కాలి కదా సార్? ఆరిపోయాక గబుక్కున ఎక్కాయేం?"

మాస్టారు గ్లాసు వంక చూశారు. పిల్ల వంక చూశారు. ఇన్నేళ్ళూ ఎదురుచూసిన ప్రశ్న ఇదే. దీనికి జవాబు ఆయనకి తెలియదు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది కానీ, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"అయ్యో, మళ్ళీ మాట పడిపోయింది!" అన్నారు హెడ్ మేడమ్.

ఈసారి ఆవిడ చెప్పింది నిజమే.