అడగకుండా వదిలేసిన సగం

ఆ ఆదివారం పొద్దున డాక్టర్ సీతారామయ్య ఎన్నికల ప్రచారానికి బయలుదేరాలి, ఆయన భార్య పుణ్యవతి గుమ్మంలో హారతి ఇవ్వాలి, మణికొండలోని వాళ్ళ అపార్ట్‌మెంట్ జనం నాలుగు చప్పట్లు కొట్టాలి. అనుకున్నది ఇంతే. ఇందులో తేడా రావడానికి ఏముందని మీరనవచ్చు. మీకు సైంటిస్టులతో పరిచయం లేదన్నమాట.

సీతారామయ్య చెరువు నీళ్ళ మీద పరిశోధన చేసే మనిషి. కాలనీ వెనక చెరువు నురగలు కక్కుతోందని ఆయన ఎంత మొత్తుకున్నా పట్టించుకున్నవాడు లేడు. అసెంబ్లీలో నిలబడి నిలదీస్తే తప్ప ఆ చెరువు బతకదని తీర్మానించుకుని, ఉద్యోగానికి రాజీనామా చేసి, స్వతంత్ర అభ్యర్థిగా నామినేషన్ వేశాడు. గెలిస్తే చెరువు బాగుపడుతుంది. ఓడితే చెరువూ లేదు, ఉద్యోగమూ లేదు.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఒక చెరువులో మందు వేసి, పక్క చెరువును అలాగే వదిలేసి, రెండింటికీ తేడా చూడడం ఆయనకు ఏళ్ళ తరబడి అలవాటు. ప్రచారం వల్ల నిజంగా ఓట్లు పడతాయా లేదా అన్నది కూడా అలాగే తేల్చాలనుకున్నాడు. రాత్రి చీట్లు వేసి కాలనీలన్నిటినీ రెండు సగాలు చేశాడు. ఒక సగంలో ఇల్లిల్లూ తిరిగి అడుగుతాడు. రెండో సగంలో కాలు పెట్టడు.

ఇది వినగానే పోచయ్య అడ్డుపడ్డాడు. ఇదివరకు ల్యాబ్ జీపు నడిపినవాడు, ఇప్పుడు మైకు కట్టిన ఆటో నడుపుతూ ప్రచారమంతా చూసుకుంటున్నాడు.

"సార్, ఓటు అడిగేటోడు ఇల్లు ఇడిసిపెట్టి పోతడా? ఏంది సార్ గిది?"

"అడగకపోతే ఏమవుతుందో తెలియాలి కదా పోచయ్యా."

"ఏమైతది? ఓడిపోతం. గది తెల్వనీకి గింత పరేషాన్ ఎందుకు?"

సీతారామయ్య నవ్వి చెప్పులు వేసుకున్నాడు. గుమ్మంలో పట్టుచీర కట్టుకుని, కర్పూరం వెలిగించిన పళ్ళెంతో పుణ్యవతి నిలబడి ఉంది. పక్క ఫ్లాట్ ప్రవీణ ఫోన్‌లో వీడియో తీస్తోంది. ఆయన పళ్ళేన్ని చేత్తో వారించాడు.

"వద్దు పుణ్యా. మన బిల్డింగ్ వదిలేసిన సగంలో పడింది. ఇక్కడ హారతి తీసుకున్నా ప్రచారం కిందికే వస్తుంది."

"అంటే మీరు నన్ను కూడా ఓటు అడగరా?"

"నిన్ను కూడా."

ఆయన చాలా మర్యాదగానే చెప్పాడు, పాపం. పుణ్యవతి కర్పూరం ఆరిపోయేదాకా అక్కడే నిలబడి, పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. లిఫ్టు తలుపు మూసుకుంటుంటే ఆయనకు ఎక్కడో కలుక్కుమంది. ప్రయోగమన్నాక ఇలాంటివి ఉంటాయని సర్దిచెప్పుకున్నాడు.

ప్రవీణ వీడియో మధ్యాహ్నానికల్లా కాలనీ వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. సొంత బిల్డింగులోనే అభ్యర్థి ఓటు ఎందుకు అడగలేదు? ఆయన చెరువుల సైంటిస్టు. ఆయన అడుగు పెట్టలేదంటే ఆ బిల్డింగులన్నీ చెరువు భూమిలో కట్టినవే అయి ఉండాలి. కూల్చేస్తారు కాబట్టే అక్కడి ఓట్లతో పని లేదు! సాయంత్రానికి అద్దెకున్నవాళ్ళు వేరే ఇళ్ళు వెతకడం మొదలుపెట్టారు.

వారం తిరిగేసరికి వదిలేసిన బిల్డింగుల తరఫున వినయ్ అనే సాఫ్ట్‌వేర్ కుర్రాడు, వెనక పదిమందితో వచ్చాడు.

"సర్, జస్ట్ ఒక్క స్టేట్‌మెంట్ ఇవ్వండి. మా బిల్డింగ్ చెరువులో లేదని చెప్పండి, చాలు. మా ఆవిడ అన్నం తినడం మానేసింది సర్."

"చెరువు హద్దు నేనింకా కొలవలేదండి. కొలవకుండా లేదని ఎలా చెప్పను?"

"అయితే ఉందా?"

"ఉందని కూడా కొలవకుండా చెప్పలేను."

"అయ్యో సర్, ఊరికే లేదనేయండి!"

"ఊరికే అనడం నాకు రాదండి," అన్నాడు సీతారామయ్య. నిజంగానే రాదు. అదీ వీడియో అయింది.

సరిగ్గా అప్పుడే మంచినీళ్ళ పైపు వేయడానికి ఒక జేసీబీ వచ్చింది. కూల్చడానికే వచ్చిందనుకుని వదిలేసిన సగం జనమంతా రోడ్డు మీదికి ఉరికారు. లాప్‌టాప్ బ్యాగులతో కొందరు, కూరగాయల సంచులతో కొందరు బండికి అడ్డంగా బైఠాయించారు. డ్రైవరు బెదిరిపోయి, బండిని పాత పైపు మీదికే వెనక్కి పోనిచ్చి, తాళం దానికే వదిలేసి పరుగెత్తాడు. పైపు పగిలింది. నీళ్ళు ఆగిపోయింది మాత్రం సీతారామయ్య ప్రచారం చేసిన సగంలో. అసలే అక్కడివాళ్ళకు ఆయనంటే మంట. చెరువులోకి వచ్చే మురుగంతా మీ ఇళ్ళదేనని గుమ్మం గుమ్మానికీ వెళ్ళి చెప్పి మరీ ఓటు అడిగాడు కదా!

"సగం మంది మీరు రాలేదని గుస్సా, సగం మంది మీరొచ్చినంక నల్లా బందయిందని గుస్సా," అన్నాడు పోచయ్య. "మీకు దండం పెడత సార్. జర పోయి రెండో సగంల గూడ ఒక్క మాట చెప్పుర్రి."

"ఇప్పుడు వెళితే ఇన్నాళ్ళ శ్రమా పాడైపోతుంది పోచయ్యా."

పోలింగ్ అయింది. సీతారామయ్య ఓడిపోయాడు. రెండో స్థానం దక్కిందని పోచయ్య ఏడవాలో నవ్వాలో తెలియక నిలబడ్డాడు. కానీ బూత్‌ల వారీగా ఓట్లు చూసిన సీతారామయ్య కళ్ళు మెరిశాయి. తిరిగిన సగంలో ఆయనకు ఓట్లు దాదాపు లేవు. వదిలేసిన సగంలో కుప్పలుగా పడ్డాయి.

"చూశావా! అడగకపోతేనే వేస్తారు! దీని మీద పెద్ద వ్యాసమే రాయవచ్చు!"

"ఏం వ్యాసం సార్!" పోచయ్యకు ఇక ఆగలేదు. "ఆడ అమ్మ తిరిగింది. మీరు ఇడిసిపెట్టిన ఇండ్లన్నీ, కాళ్ళు వాచేదాంక. మీకు చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నది."

సీతారామయ్య వంటింట్లోకి నడిచాడు. పుణ్యవతి స్టూలు మీద కూర్చుని పాదాలకు నూనె రాసుకుంటోంది.

"ఏమని అడిగావు వాళ్ళని?"

"ఉన్నదే చెప్పానండి. మా ఆయనకి అబద్ధం చెప్పడం చేతకాదు, ఇవాళ మీ భయం తీర్చడానికే చెప్పనివాడు రేపు ఎవరు బెదిరించినా చెప్పడు, అన్నాను. నమ్మారు."

ఆమె రెండు సగాలూ తిరిగి ఉంటే తను గెలిచేవాడు. ఇప్పుడు చెరువు నురగలు కక్కుతూనే ఉంటుంది. చక్కటి తెలివితేటలతో తన చేతులారా పోగొట్టుకున్నాడు.

"అటువైపు కూడా వెళ్ళకపోయావా పుణ్యా?"

"అటు మీరు చూసుకుంటున్నారుగా."

ఆ రోజు హారతి పళ్ళెం వారించినందుకు సీతారామయ్యకు సిగ్గేసింది. క్షమించమని అడగాలనుకున్నాడు, నోట ఇంకోటి వచ్చింది.

"ఇంతకీ నువ్వు ఓటు నాకే వేశావు కదూ?"

పుణ్యవతి నూనె గిన్నె పక్కన పెట్టి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని లేచింది.

"లేదండి. నన్నెవరూ అడగలేదుగా!"

ఆ ప్రయోగం మొత్తంలో చివరిదాకా పాడవకుండా మిగిలింది ఆ ఒక్క ఓటే.