మోకాలు చెప్పిన ధర

ఆ ఉదయం డెవలపరు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. నొప్పి మాత్ర వేసుకోకుండా కాసేపు ఓర్చుకుని, చెప్పుల కంపెనీ వెబ్‌సైటులో మిగిలిన పని ముగించి, ఆ తర్వాత మాత్ర మింగి, మోకాలును కసరత్తు యంత్రంలో పెట్టి, ఒక కునుకు తీయాలి. ఇంత చిన్న కోరిక కోరుకున్నవాడి మీద దేవుడికి పగ ఉండకూడదు. కానీ ఇతని నుదుటి రాత రాసేవాడు పైన లేడు, ఆఫీసులో ఉన్నాడు. అతన్ని టీమ్ లీడ్ అంటారు.

ముందు మోకాలి సంగతి చెప్పాలి. ఒకరోజు టీమ్ లీడ్ "అర్జంటుగా పైకి రా" అని ఫోన్ చేశాడు. లిఫ్టు పనిచేయడం లేదు. డెవలపరు మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతూ జారి పడ్డాడు. మోకాల్లో లిగమెంటు తెగింది. అంత అర్జంటు పని ఏమిటయ్యా అంటే, వెబ్‌సైటులో ఒక బటన్ రంగు మార్చాలి. ఆపరేషన్ చేసి లోపల మరలు బిగించారు. కొన్ని నెలలు పోయాక ఆ మరలు తీయడానికి మళ్ళీ కొయ్యాలి. ఆ ఖర్చు భరించేది ఆఫీసు బీమా. ఉద్యోగం ఉంటేనే బీమా, బీమా ఉంటేనే రెండో ఆపరేషన్, అది జరిగితేనే కాలు కాలులా ఉంటుంది. డెవలపరు భయమంతా అక్కడే ఉంది.

సెలవులన్నీ ఆసుపత్రిలోనే హరించుకుపోయాయి. ఇంటి నుంచి పనిచేయడానికి టీమ్ లీడ్ ఒప్పుకున్నాడు గానీ, ఒక మెలిక పెట్టాడు. ఆఫీసు చాట్‌లో పేరు పక్కన పచ్చ చుక్క ఆరకూడదు. మౌస్ కాసేపు కదలకపోతే చుక్క పసుపు రంగులోకి మారుతుంది. పసుపు అంటే గైర్హాజరు. "ఇంకొక్కసారి పసుపు కనబడిందంటే ఇంటికే!" అన్నాడు టీమ్ లీడ్. ఇంట్లో ఉన్నవాణ్ణి మళ్ళీ ఇంటికి పంపడం ఏమిటని నవ్వుకునే ఓపిక కూడా డెవలపరుకు లేకపోయింది.

ఇక ఆ ఉదయం పని. చెప్పుల కంపెనీ యజమానికి ఒక ముచ్చట ఉంది. తన గదిలో కూర్చుని, తెర మీద ఒక గీతపై ఉన్న బొత్తాన్ని అటూ ఇటూ లాగితే, సైటులో చెప్పులన్నింటి ధరా తగ్గాలి, పెరగాలి. బొత్తం ఎడమ కొసన ఉంటే పూర్తి ధర, కుడి కొసకు వెళ్తే దాదాపు ఉచితం. "సేవ్ చేయడాలూ గీవ్ చేయడాలూ నావల్ల కాదయ్యా. లాగుతుండగానే ధర మారిపోవాలి" అని హుకుం జారీ చేశాడు. డెవలపరు అలాగే రాశాడు. రాసిందాన్ని పరీక్షించడానికి అసలు సైటుకు అచ్చుగుద్దినట్టుండే నకలు ఒకటి ఉంటుంది. ఏ డెవలపరైనా ఆ నకలులోనే పరీక్షిస్తాడు. నొప్పితో కళ్ళు బైర్లు కమ్ముతున్న ఈ మహానుభావుడు మాత్రం అసలు సైటే తెరిచి, బొత్తం మీద బాణం గుర్తు పెట్టి, ఇక తాళలేక మాత్ర మింగేశాడు.

మాత్ర మింగితే నిద్ర ముంచుకొస్తుంది. నిద్రపోతే చుక్క పసుపవుతుంది. అందుకని అతను అక్కను పిలిచాడు. అక్క ఇంట్లోనే కూర్చుని బట్టలు కుడుతుంది. తమ్ముడికి ఆపరేషన్ అయ్యాక కుట్టు మిషన్ను కూడా వెంటబెట్టుకుని ఈ ఇంటికే మకాం మార్చింది.

"అక్కా, ఈ మౌస్‌ని యంత్రానికి కట్టెయ్యవా?"

"ఎందుకురా? వదిలేస్తే పారిపోతుందా?"

"యంత్రం కదిలితే మౌస్ కదులుతుంది. మౌస్ కదిలితే నేను పనిచేస్తున్నట్టు ఆఫీసులో కనబడుతుంది."

"నిద్రపోతూనా?"

"మెలకువగా ఉండి చేసినప్పుడు మాత్రం ఎవడు చూశాడే! కట్టు, గట్టిగా కట్టు. జారిందంటే కొంప మునుగుతుంది."

ఆ యంత్రం మోకాలికి కసరత్తు చేయించేది. తొడనూ పాదాన్నీ పట్టీలతో బిగిస్తే, పాదం కింది పీట ముందుకూ వెనక్కూ జారుతూ మోకాలును మడుస్తుంది, చాపుతుంది. అక్క మంచం మీద పీట పక్కన పరీక్షలు రాసే అట్ట ఒకటి పెట్టింది. మౌస్‌ను ఆ అట్ట మీద అడ్డంగా ఆనించి, కుట్టు డబ్బాలోని ఎలాస్టిక్‌తో పీటకు చుట్టి బిగించింది. వైరు పొట్టిది కావడంతో లాప్‌టాప్‌ను మంచం కాళ్ళవైపు స్టూలు మీదకు జరిపింది. తమ్ముడు గట్టిగా కట్టమన్నాడు కదా అని మరో రెండు చుట్లు ఎక్కువే చుట్టింది. ఆ చుట్లు సరిగ్గా మౌస్ ఎడమ మీట మీద పడి, అది నొక్కుకుపోయి అలాగే ఉండిపోయింది.

"ఎవరు ఫోన్ చేసినా పనిలో ఉన్నానని చెప్పు" అని ఫోన్ అక్క చేతిలో పెట్టి, డెవలపరు గుర్రు పెట్టాడు.

యంత్రం కదిలింది. మోకాలు మడుచుకున్నప్పుడల్లా బొత్తం కుడికి జరిగి చెప్పుల ధర సగానికి పడిపోయింది. మోకాలు చాపుకోగానే ధర మళ్ళీ మొదటికి వచ్చింది. ఎవరో ఒకావిడ బూట్లు ఎంచుకుని, ధర చూసి నిట్టూర్చి, ఇంకోసారి చూసేసరికి అది సగమైంది. ఆవిడ ఆ సంగతి చెల్లెలికి చెప్పింది, చెల్లెలు ఆఫీసంతా చాటింది. కాసేపట్లోనే జనం పనులు మానుకుని, ధర ఎప్పుడు పడుతుందా అని తెరలకు కళ్ళప్పగించి కూర్చున్నారు.

యజమాని టీమ్ లీడ్ మీద ఇంతెత్తున లేచాడు. టీమ్ లీడ్ లాప్‌టాప్ ముందు కూలబడ్డాడు. చాట్‌లో చూస్తే డెవలపరు చుక్క పచ్చగా నిగనిగలాడుతోంది. ఫోన్ చేస్తే అక్క ఎత్తింది.

"సైటులో ధరలు ఊగిపోతున్నాయండీ! మీ తమ్ముడు కావాలనే చేస్తున్నాడా?"

అక్కకు సైటూ తెలియదు, ధరలూ తెలియవు. తమ్ముడి ఉద్యోగం గాలిలో ఉందని మాత్రం తెలుసు.

"మావాడు ఏం చేసినా కావాలనే చేస్తాడండీ. పొరపాట్లు చేసే రకం కాదు."

"ఒకసారి ఫోన్ ఇవ్వండి."

"తల ఎత్తకుండా పనిలో ఉన్నాడండీ." తలగడ మీద నుంచి అతను నిజంగానే తల ఎత్తలేదు.

"ఎంతసేపు చేస్తాడట?"

మాత్ర ప్రభావం ఎంతసేపు ఉంటుందో అక్క లెక్క వేసుకుంది. "సాయంత్రం దాకా."

టీమ్ లీడ్‌కు తన ప్రాణం తీపి. ఏం జరుగుతోందో తెలియదని చెప్పుకుంటే పరువు పోతుంది. అందుకని యజమానితో ధీమాగా, "ఇది మా కొత్త ప్రయోగం సార్. సాయంత్రం దాకా నడుస్తుంది. మీకు సర్‌ప్రైజ్ ఇద్దామని ముందుగా చెప్పలేదు" అన్నాడు. సర్‌ప్రైజ్ బాగోకపోతే మీ అందరి తాట తీస్తానని చెప్పి యజమాని ఫోన్ పెట్టేశాడు.

అంతలో ఫిజియోథెరపిస్టు వచ్చాడు. అక్క గబగబా దుప్పటి తీసి మౌస్ మీద కప్పింది.

"కాలికి దుప్పటేంటమ్మా?"

"చలేస్తోందటండీ."

"ఫ్యాన్ తిరుగుతోంది కదా?"

"అందుకేనండీ చలి."

ఆయన ఇంక వాదించలేదు. నిద్రపోతున్న రోగిని చూసి సంబరపడ్డాడు. "మెలకువగా ఉంటే కేకలు పెట్టి చంపుతాడు. ఇదే అదను, ఇవాళ కొంచెం ఎక్కువ మడుద్దాం" అంటూ యంత్రం కోణం పెంచాడు, వేగం పెంచాడు, తొడ పట్టీ ఇంకో రంధ్రం బిగించి వెళ్ళిపోయాడు. అక్కడ చెప్పుల ధర సగం దగ్గర ఆగకుండా పావు వంతుకు దిగింది. కాసేపటికి అక్క, కుట్టిన బట్టలు ఇచ్చి వస్తానని ఫోన్ తమ్ముడి పక్కన పడేసి బయటికి వెళ్ళింది.

పెరిగిన కోణం మాత్రను జయించింది. డెవలపరు "అమ్మా!" అని కేక పెట్టి లేచాడు. చేతికి దొరికిన ఫోన్లో చూస్తే ఊపిరి సలపనన్ని సందేశాలు. తల ఎత్తి స్టూలు వైపు చూశాడు. తెర మీద బొత్తం కుడికీ ఎడమకీ పరుగులు పెడుతోంది. దాని పైన అసలు సైటు పేరు కనబడింది. 

యంత్రం ఆపే రిమోట్ నిద్రలో మంచం కిందికి జారిపోయింది. "అక్కా!" అని అరిచాడు. ఇంట్లో ఎవరూ లేరు. లాప్‌టాప్ అందదు. ఆ తొడ పట్టీని విప్పుదామంటే వేళ్ళు దూరే సందు లేదు. ఇక మిగిలింది మౌస్ ఒక్కటే. మోకాలు మడుచుకున్నప్పుడు పాదం దగ్గరికి వస్తుంది కదా, అప్పుడు ఒంగి లాగేద్దామనుకున్నాడు. మోకాలు మడుచుకుంది. ప్రాణం పోయినంత పనైంది. ఒంగాడు, వేళ్ళు ఎలాస్టిక్‌కు తగిలాయి, లాగాడు. మౌస్ ఊడలేదు గానీ ఒక్కసారి అదిరింది. ఆ అదురుకు బొత్తం కుడి కొసకు దూకి, కంపెనీలోని ఖరీదైన తోలు బూట్లు ఓ క్షణంపాటు పల్లీల ధరకు అమ్ముడుపోయాయి.

ప్రయత్నించినకొద్దీ ఇంకాస్త దివాలా. చివరికి అతను ప్రయత్నం మానేసి వెల్లకిలా పడుకున్నాడు. ఇప్పుడు తెర చూడాల్సిన అవసరం కూడా లేదు. నొప్పి పెరిగిందంటే ధర తగ్గిందని, నొప్పి తగ్గిందంటే ధర పెరిగిందని తెలిసిపోతోంది. ఉద్యోగం పోయింది, బీమా పోయింది, మరలు జీవితాంతం కాల్లోనే ఉంటాయి. అతనికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే టీమ్ లీడ్‌కు ఫోన్ చేశాడు.

"సార్, తప్పైపోయింది..."

"నోర్ముయ్! యజమానిగారు లైన్లో ఉన్నారు."

"ఎవరయ్యా ఈ పని చేసింది?" అంది యజమాని గొంతు.

"నేనేనండీ. నన్ను క్షమించండి. నా కాలు..."

"కాలు లేదు, చెయ్యి లేదు! ఏళ్ళ తరబడి గోడౌన్లో మూలుగుతున్న సరుకంతా ఒక్క పూటలో ఊడ్చుకుపోయిందయ్యా! ఇప్పుడు కొత్త సరుకు పూర్తి ధరకు కూడా కొంటున్నారు. ఇంకాసేపు ఆగితే సరుకే అయిపోతుందేమోనని జనానికి భయం! ఆపొద్దు. ఈ సీజనంతా నడిపించు."

"ఐడియా నాదే సార్" అన్నాడు టీమ్ లీడ్ అందుకుని.

యజమాని ఫోన్ పెట్టేశాక డెవలపరు జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. అవతల తలుపు గడియ వేసిన చప్పుడైంది. తర్వాత టీమ్ లీడ్, "ఈ సంగతి ఎక్కడా అనకు. మామూలు ప్రోగ్రాం ఒకటి రాసి దాని బదులు పెట్టేయ్" అన్నాడు. బతికాన్రా దేవుడా అనుకున్నాడు డెవలపరు. ధరలు వాటంతటవే ఊగే ప్రోగ్రాం రాయడం అతనికి చిటికెలో పని. మర్నాడు రాసి పెట్టేశాడు. ఆ సాయంత్రమే యజమాని మళ్ళీ మండిపడ్డాడు.

"ఇదేంటయ్యా, యంత్రం చేసినట్టుంది? జనం దీని లెక్క పట్టేశారు. నిన్న ఎలా ఉంది! ధర దిగుతూ దిగుతూ తటపటాయించేది, మధ్యలో ఉన్నట్టుండి అదిరేది. మనిషి చేస్తున్నట్టుండేది. నాకదే కావాలి."

కాబట్టి మోకాలు మళ్ళీ యంత్రంలోకి వెళ్ళింది. ఈసారి మాత్రలు కూడా లేవు. మత్తులో ఉంటే అదురు సరిగా రావడం లేదని టీమ్ లీడ్ మొహమాటపడుతూనే చెప్పాడు.

కొద్ది రోజులకు ఫిజియోథెరపిస్టు వచ్చి మోకాలు నొక్కి చూసి ముఖం చిట్లించాడు. "మడత పూర్తిగా వచ్చేసింది, యంత్రం ఇక చాలు. ఈ వాపు చూశారా? ఇంకా నడిపితే లోపల మరలు కదులుతాయి. రెండో ఆపరేషన్ కూడా ఎందుకూ పనికిరాదు. ఇవాళే తీసేయండి."

డెవలపరు ఆ ముక్కే టీమ్ లీడ్‌కు చెప్పాడు.

"అయ్యో పాపం" అన్నాడు టీమ్ లీడ్. నిజంగానే బాధపడ్డాడు. "బలవంతమేమీ లేదు. నీవల్ల కాకపోతే చెప్పు, ఇంకొకర్ని చూసుకుంటాం."

"ఇంకొకరికి కాలు విరగొద్దా సార్?"

"బయట ఉద్యోగాల పరిస్థితి నీకు తెలియంది కాదు. పోస్టు ఖాళీ ఉందంటే వాళ్ళే విరగ్గొట్టుకుని వస్తారు."

డెవలపరు ఫోన్ పక్కన పెట్టేశాడు. మాటలన్నీ విన్న అక్క వచ్చి మంచం అంచున కూర్చుంది.

"ఒరేయ్, ఆ ఉద్యోగం ఎందుకు వదలనన్నావు? కాలు బాగు చేయించుకోవడానికే కదా?"

"అవునక్కా."

"మరి ఇప్పుడు ఉద్యోగం నిలబెట్టుకోవడానికి ఆ కాలునే పాడు చేసుకుంటావా?"

 ఉబ్బిన మోకాలును రెండు చేతులా ఎత్తి, పళ్ళ బిగువున యంత్రంలో పెట్టుకున్నాడు. అక్క కళ్ళు తుడుచుకుంటూ పట్టీలు బిగించింది.

పనిలో ఉన్నది కాలొక్కటే, చేతులు రెండూ ఖాళీగానే ఉన్నాయి కదా అని, మర్నాడు టీమ్ లీడ్ అతనికి ఇంకో ప్రాజెక్టు ఇచ్చాడు.