చిరుతగారి చిలకపచ్చ కోటు

పెద్ద అడవి అది. పెద్దది కాబట్టి ఓ పాలకవర్గం, పాలకవర్గం ఉంది కాబట్టి ఓ శాంతిభద్రతల శాఖ ఉండేవి. ఆ శాఖకు అధికారి చిరుతపులి మచ్చేశ్వర్రావు. పగలంతా దుప్పుల భద్రత గురించి ఉపన్యసించి, పొద్దువాలగానే పొదలో నక్కి ఓ దుప్పిని తినేవాడు. ఎవరైనా మాయమైతే ఫిర్యాదు ఇవ్వాల్సింది కూడా ఆయనకే. అందుకని ఎవరూ ఇచ్చేవారు కాదు.

ఆయన ఒంటి మచ్చలు ఎండుగడ్డిలో ఇట్టే కలిసిపోయేవి. పక్కనే ఉన్నా కనిపించేవాడు కాదు.

దుప్పుల సంఘం అధ్యక్షుడు శృంగయ్య. పెద్ద కొమ్ములు, తీయని మాట. సొంత తమ్ముడు చిరుత నోట పడ్డాక ఆయనకు నిద్ర లేదు. ఆలోచించగా ఆలోచించగా ఓ ఉపాయం తట్టింది.

"ఆయనతో పోట్లాడలేం. పొగడగలం" అన్నాడు భార్య చుక్కమ్మతో.

"పొగిడితే తినడం మానేస్తాడా?"

"మానడు. కనపడతాడు."

దర్జీ పుల్లన్న అనే గిజిగాడు పిట్టను వెంటబెట్టుకుని చిరుత ఆఫీసుకు వెళ్ళాడు.

"అయ్యగారూ, మీ హోదా ఏమిటి, ఈ గడ్డిరంగేమిటి? మొన్న ఎదురుగా ఉన్నా కనిపించక నమస్కారం పెట్టలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి."

మచ్చేశ్వర్రావు మీసం సవరించుకున్నాడు. "మగాడికి రంగులేమిటయ్యా? నలుగురూ నవ్వరూ?"

"అవన్నీ పాతకాలం మాటలు సార్" అన్నాడు పుల్లన్న, అప్పుడే ఆయన ఛాతీకి టేపు చుట్టేస్తూ. "పసుపు వేసుకున్నాకే నాకు పెళ్ళయింది. ఇప్పుడు మగాళ్ళకి ఒకదానితో ఒకటి కొట్టుకునే రంగులే ఫ్యాషన్. గుండెధైర్యం ఉన్నవాళ్ళు వేస్తారు. లేనివాళ్ళు పొదల్లో దాక్కుంటారు."

ఆ చివరి మాట చిరుతకు సూటిగా తగిలింది.

మర్నాడు చిలకపచ్చ కోటు, వంగపండు రంగు చొక్కా, కనకాంబరం రంగు ప్యాంటు, మెడలో రాణీరంగు రుమాలుతో ఆఫీసుకొచ్చాడు. సాయంత్రం అలాగే వెళ్ళి పొదలో నక్కాడు. దూరంగా గుట్ట మీద మేస్తున్న దుప్పులు తలెత్తి చూసి, "సార్ అక్కడున్నారు, మనం ఇటు పోదాం" అనుకుని తాపీగా కదిలాయి.

"అద్భుతం సార్! కదలకండి!" అని దూరం నుంచే కేకేశాడు శృంగయ్య.

చిరుత చిక్కిపోయాడు. కోటు వదులైంది. "సన్నబడ్డాక ఇంకా నప్పింది సార్" అన్నాడు పుల్లన్న. విప్పేద్దామనుకున్న రోజునే దుప్పుల సంఘం ఆయనకు సన్మానం చేసి 'వర్ణవీర' బిరుదిచ్చింది. విప్పలేకపోయాడు.

కానీ ఆ సన్మానానికి కుర్ర మగదుప్పులన్నీ వచ్చాయి. వేదిక మీద వెలిగిపోతున్న చిరుతను చూశాయి, తమ ఒళ్ళు చూసుకున్నాయి. మర్నాడు పుల్లన్న కొట్టు కిటకిటలాడింది.

వాటిలో ఒకటి నీలం చొక్కా, మెంతిరంగు ప్యాంటు తొడుక్కుని నేరుగా చిరుత ఇంటి అరుగు దగ్గరికి వెళ్ళింది. "సార్, దీని మీదికి ఏ రుమాలు బాగుంటుంది?"

చిరుతకు లేచే ఓపిక కూడా లేదు. "కళ్ళు సరిగా ఆనడం లేదు బాబూ, కాస్త దగ్గరికి రా" అన్నాడు. నిజమే చెప్పాడు.

ఆ పూట ఆయన కడుపు నిండింది. మర్నాడు అరుగు ముందు బోర్డు వెలిసింది: 'రంగుల సలహా ఉచితం. ఒక్కొక్కరే రావలెను.' క్యూ వాగు దాకా పెరిగింది.

"లోపలికెళ్ళినవాళ్ళు బయటికి రావడం లేదు. ఆపండి" అని ఏడ్చింది చుక్కమ్మ.

"చెప్పానే! గడ్డిరంగువాడివి, నీకేం తెలుసంటున్నారు" అన్నాడు శృంగయ్య. ఆలోచించి, వాళ్ళు తన మాట వినాలంటే ముందు తనవైపు చూడాలని, తనూ ఓ జత కుట్టించుకున్నాడు. ఎర్ర చొక్కా, నెమలికంఠం రంగు కోటు.

క్యూ ముందు నిలబడి, "ఆగండి! అది సలహా కాదు, చావు!" అని అరిచాడు.

క్యూ మొత్తం తిరిగి చూసింది. "అబ్బ! ఎరుపు మీద నెమలికంఠమా! ఎవరు చెప్పారండీ?" అంది ఓ కుర్రదుప్పి.

ఇంతమంది తనని అలా చూడటం శృంగయ్య ఎరగడు. ఛాతీ దానంతటదే పొంగింది. చెప్పాల్సిన రెండో మాట మరిచి కోటు సవరించుకున్నాడు.

అరుగు మీంచి చిరుత మెచ్చుకోలుగా తలూపాడు. "సాహసమే శృంగయ్యగారూ! కాకపోతే కాలర్ దగ్గర చిన్న లోపం. ఇలా రండి, చూద్దాం."

అరుగెక్కితే ఏమవుతుందో శృంగయ్యకు తెలుసు. అందరికన్నా బాగా తెలుసు. కానీ క్యూ అంతా ఇప్పుడు ఆయన కాలర్ వంకే చూస్తోంది.

"లోపమా? ఎక్కడ సార్?" అంటూ అరుగెక్కాడు. చుక్కమ్మ పరిగెత్తుకొచ్చి పళ్ళతో కోటు పట్టుకుంది. చిరిగిన ముక్క ఆమె నోట్లో ఉండిపోయింది, ఆయన చిరుత వెంట లోపలికి వెళ్ళిపోయాడు.

కాసేపటికి లోపలి నుంచి "తర్వాత?" అని వినిపించింది. ముందున్నవాడు రుమాలు సర్దుకుని ఓ అడుగు వేశాడు.

నీతి: చావుకు వెళ్ళేటప్పుడైనా సరే, కాలర్ సరిచూసుకుని వెళ్ళాలి.