బుడగల తనిఖీ నివేదిక

మనిషి సాధించిన విజయాల్లో ముఖ్యమైనది, ఆనందాన్ని ముందస్తు అనుమతి పరిధిలోకి తీసుకురావడం. మా అపార్ట్‌మెంటులో ఆ పని పోయినేడాదే పూర్తయింది. ఇప్పుడు ఇంట్లో పదిమంది కలిసి నవ్వాలంటే, నివాసితుల సంఘం యాప్‌లో మూడు రోజుల ముందు దరఖాస్తు చేసుకోవాలి. (ఒక్కరే నవ్వుకుంటే అక్కర్లేదు. అది ఆరోగ్య విభాగం కిందికి వస్తుంది.)

మా కింది ఫ్లాటులో లెక్కల మాస్టారు, ఆయన భార్య ఉంటారు. ఆవిడ అక్క పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఎవరింట్లో ఏ వేడుక జరిగినా ఆవిడ చేరేసరికి కుర్చీలు మడతపెడుతూ ఉండేవారు. మొన్నొక శనివారం ఆవిడ రిటైరవుతోంది. "ఈసారి అక్క వచ్చాకే పార్టీ మొదలవ్వాలి" అని చెల్లెలు పట్టుబట్టి, మిగతా అతిథుల్ని ఏడున్నరకి పిలిచింది.

మాస్టారు తేలికైన కాక్‌టెయిల్ ఒకటి వెతికి పట్టుకున్నారు. గ్లాసులో మూడో వంతు చల్లటి నారింజ రసం, పైన బుడగలు పొంగే స్పార్క్లింగ్ వైన్, అంచున ఓ స్ట్రాబెర్రీ. అంతే. తయారీ మూడు లైన్లు, దరఖాస్తు పదకొండు పేజీలు.

ఏడో పేజీలో ఒక ప్రశ్న ఉంది: "పానీయంలో బుడగలు ఉన్నాయా? ఉంటే సంఖ్య." మాస్టారు గ్లాసుకి వెయ్యి చొప్పున, పన్నెండు గ్లాసులకి పన్నెండు వేలని నిజాయితీగా రాశారు. (నిజాయితీ వల్ల కలిగే ఇబ్బందులకు సంఘం బాధ్యత వహించదు: నిబంధన 4.) యాప్ ఆ సంఖ్యని తీసుకెళ్లి అతిథుల గడిలో వేసుకుంది.

శనివారం సాయంత్రం ఐదింటికి సంఘం సెక్రటరీ గారు వచ్చారు. తూనికలు కొలతల శాఖలో చేసి దిగిపోయిన మనిషి. జేబులో కొలత టేపు లేకుండా గడప దాటరు.

"మాస్టారూ, పన్నెండు వేల మందికి పార్కింగు ఎక్కడ చూపిస్తారు?"

"మనుషులు కాదండీ, బుడగలు."

సెక్రటరీ ఫైల్లో పార్కింగు గడి కొట్టేశారు. "బుడగలకైతే పార్కింగు అక్కర్లేదు. కానీ తనిఖీ తప్పదు."

మొదట బిరడా సంగతి వచ్చింది. అది ఎగిరితే తగిలేది మాస్టారి పైకప్పుకే అయినా, అవతలి వైపు అది నా నేల. అందుకని నన్ను పిలిపించారు. నా నేల విషయంలో నాకు అభ్యంతరం లేదని సంతకం పెట్టాను.

తర్వాత అసలు చిక్కు. సీసా తెరవాలంటే అనుమతి ఉండాలి. అనుమతి ఇవ్వాలంటే బుడగలు చూడాలి. బుడగలు కనబడాలంటే సీసా తెరవాలి.

"చూడకుండానే నమ్మండి అన్నయ్యగారూ, అక్క ఏడింటికల్లా వచ్చేస్తుంది" అంది మాస్టారి భార్య.

"నమ్మకానికి గడి లేదమ్మా."

చివరికి సీసా తెరవడానికి తాత్కాలిక ఉత్తర్వు ఒకటి అక్కడికక్కడే రాశారు. నమూనా వడ్డించే స్థితిలోనే ఉండాలి కాబట్టి నారింజ రసమూ పోయించారు, స్ట్రాబెర్రీ కూడా పెట్టించారు. సెక్రటరీ గ్లాసుని వెలుతురుకి పట్టి చూశారు, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు, తర్వాత రుచి గడి నింపారు. ఆ గడి నింపడానికి రెండు గ్లాసులు పట్టింది.

నిబంధన ప్రకారం అధ్యక్షులు, కోశాధికారి కూడా విడివిడిగా ధ్రువీకరించాలి. పాత బుడగలు సాక్ష్యానికి చెల్లవు గనక ఒక్కొక్కరికీ ఒక్కో కొత్త సీసా తెరిచారు. అధ్యక్షులు "ఎక్కువ" అని రాస్తే కోశాధికారి "చాలా ఎక్కువ" అని రాశారు. తేడా తేలడానికి పునఃపరిశీలన అవసరమైంది. తటస్థ సాక్షిగా నేను కూడా ఒక గ్లాసు పరిశీలించాను. (పౌర బాధ్యత.) మాస్టారి భార్య గోడ గడియారం కేసి చూస్తోంది. మాస్టారు నారింజలు పిండుతున్నారు.

ఏడుకి ఐదు నిమిషాలుండగా అనుమతి మంజూరైంది. అప్పటికి మూడు సీసాలూ అయిపోవచ్చాయి. ఇంట్లో ఉన్నవి ఆ మూడే.

ఏడింటికి అక్కగారు వచ్చింది. చేతిలో ఆసుపత్రి వాళ్లిచ్చిన పూలగుత్తి. సోఫాలో ఎర్రబడ్డ మొహాలతో ముగ్గురు పెద్దమనుషులు, పక్కన కుర్చీలో నేను.

"ఎవరికమ్మా బాలేనిది?" అని చెల్లెల్ని అడిగింది.

"ఎవరికీ కాదక్కా. నీ పార్టీ."

మాస్టారు మూడు సీసాల అడుగులూ వంచి, ఒక గ్లాసు నింపి, ఉన్న ఒక్క స్ట్రాబెర్రీ అంచున పెట్టి తెచ్చారు. ఆవిడ చెప్పులు విడిచి, గ్లాసు రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. ఒక గుక్క తాగింది.

"బాగుంది మరిదిగారూ. బుడగలు ఉంటాయన్నారు?"

సెక్రటరీ గారు లేచి నిలబడి ఫైలు తెరిచారు.

"ఉన్నాయి సిస్టర్ గారూ. ఏడో పేజీలో."

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఆ పేజీ మొత్తం చదివింది. ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు కొద్దీ, కింద టైము వేసి సంతకం పెట్టింది.