ఏనుగు చెవి గాలికి ఎగిరిపోయిన సైన్యం

ఒక పెద్ద అడవిలో, అంటే అందులో ఉండేవాళ్ళు పెద్దదని చెప్పుకునే అడవిలో, ఒకే ఒక్క మడుగు ఉండేది. ఎండలు ముదిరితే చాలు, పక్క కొండల్లోంచి రేచుకుక్కల గుంపు దాని మీద పడేది.

మడుగుకు కాపలా సైన్యం ఉంది లెండి. ఒక్కో అడవిదున్న రేవులో అడ్డంగా నిలబడితే, వెనక బండ మీద నుంచి ముగ్గురేసి కొండముచ్చులు రాళ్ళు విసిరేవారు. ఒకటికి మూడు. ఈ లెక్క ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు గానీ, ఏటా కుక్కలు కుయ్యోమంటూ పారిపోయేవి.

మరి సవ్యంగా జరిగే పనిని అలా వదిలేస్తే ఇక రాజసభ ఎందుకు?

సేనాపతి నక్క గుంటయ్యకి యుద్ధమంటే ప్రాణం, దూరం నుంచి. రోజూ మధ్యాహ్నం సింహం ముందు ఇసుక పరిచి యుద్ధం ఆడి చూపించేవాడు. దున్నలకు మామిడి టెంకలు, కొండముచ్చులకు గడ్డిగింజలు, కుక్కలకు చింతపిక్కలు.

ఒకనాడు ఆట మంచి రసపట్టులో ఉండగా, పక్కన కునుకుతున్న ఏనుగు తాత ఈగ వాలిందని చెవి టపామని ఆడించాడు. గడ్డిగింజలన్నీ ఎగిరిపోయాయి. టెంకలు మాత్రం కదల్లేదు.

"చూశారా ప్రభూ!" అని గంతేశాడు గుంటయ్య. "రాళ్ళు విసిరేవాళ్ళు యుద్ధం మధ్యలో పారిపోతారు. కొమ్ములవాళ్ళే నిలబడతారు. లెక్క తిరగేద్దాం. విసిరేవాడు ఒక్కడుంటే కొమ్ములవాళ్ళు ముగ్గురుండాలి!"

"అది నా చెవి గాలయ్యా బాబూ," అన్నాడు ఏనుగు తాత.

"యుద్ధంలో గాలి వీయదా?" అన్నాడు గుంటయ్య. సింహానికి ఆ మాట తెగ నచ్చేసింది.

అన్ని దున్నలు ఎక్కడినుంచి వస్తాయి? గుంటయ్య దానికీ ఉపాయం చెప్పాడు. రాళ్ళు విసరడానికి గుప్పెడు మందిని ఉంచి, మిగతా కొండముచ్చుల నెత్తిన కొమ్ముల్లా ఎండు కొమ్మలు పెట్టి తీగలతో కట్టించాడు. తనకూ ఓ జత కట్టించుకున్నాడు, అందరికంటే పొడుగువి.

దున్నల పెద్ద బండప్ప ముక్కు చీది ఒక షరతు పెట్టాడు. "కొమ్ములు పెట్టుకున్నాక మర్యాదగా ఉండాలి. వంగి రాళ్ళు ఏరడం, బండలెక్కడం కుదరదు. మా వంశంలో లేదు."

కొండముచ్చుల పెద్ద చుక్కమ్మ పొట్టకి కరుచుకున్న చంటిదాన్ని సర్దుకుంటూ ముందుకొచ్చింది. "అయ్యా, మాకెందుకయ్యా ఈ కొమ్ములు? మడుగు పోతే ఈ పసిదాని గొంతు తడపడానికి అడవంతా వెతికినా చుక్క దొరకదు. మా బండ మాకుంచండి, చాలు."

"కొమ్ములున్నవాళ్ళకి సభలో నీడన చోటిస్తామంటే వద్దంటావేం చుక్కమ్మా?" అన్నాడు గుంటయ్య.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఆమె గుంపంతా అప్పటికే మడుగులో తమ కొమ్ములు చూసుకుని మురిసిపోతోంది. చుక్కమ్మకి ఏడుపొచ్చినంత పనైంది. ఏం చేస్తుంది, తనూ కట్టించుకుంది.

కుక్కలు రానే వచ్చాయి.

రేవేమో ఇరుకు. ముందు వరసలో నిలబడే గౌరవం నాదంటే నాదని దున్నలన్నీ ఒక్కసారే దిగి, బురదలో ఇరుక్కుపోయాయి. బండ మీద మిగిలిన గుప్పెడు మందికి కొమ్ములు తప్ప కుక్కలు కనబడలేదు. మొదటి రాయి బండప్ప వీపున ఠపీమని తగిలింది. కొమ్ముల కొండముచ్చులు మాత్రం మహా హుందాగా నిలబడి చూస్తుంటే, కుక్కలు వాళ్ళ కాళ్ళ సందుల్లోంచి దూరిపోతున్నాయి.

గుంటయ్య పొదలో దూరబోయాడు. కొమ్ములు పట్టేశాయి. "ముందుకి! వెనక్కి! ఎటో ఒకటి పదండిరా!" అని అక్కడి నుంచే అరుస్తున్నాడు.

ఇంతలో ఒక కుక్క చంటిదాని మీదకి ఎగిరింది.

"మీ మర్యాద మండిపోనూ!" అంటూ చుక్కమ్మ నెత్తి మీది కొమ్ము పీకి దాని మూతి మీద ఒక్కటిచ్చింది. "చూస్తారేంట్రా సన్నాసుల్లారా, బండెక్కండి!"

అంతే, కొండముచ్చులన్నీ బండెక్కేశాయి. ముందు కొమ్ములు విసిరాయి. ఆ తర్వాత రాళ్ళ వాన. కుక్కలు తోకలు ముడిచి కొండ దాటేదాకా ఆగలేదు.

మర్నాడు సభ. గుంటయ్య ముక్కు నిండా ముళ్ళ గాట్లు.

"ప్రభూ, కుక్కలకు మొదట తగిలినవేంటి?"

"కొమ్ములు," అంది సింహం.

"మరి గెలిపించినవి?"

"కొమ్ములే!" అని సభంతా చప్పట్లు కొట్టింది.

వచ్చే ఏడు సైన్యమంతా కొమ్ములవాళ్ళే ఉండాలని తీర్మానమైంది. కొమ్ములు పారేసుకున్నందుకు చుక్కమ్మ గుంపుకి సభలో నీడ తీసేశారు.

"నీడ మీరే ఉంచుకోండి. నా పిల్ల నీళ్ళు తాగింది," అని చుక్కమ్మ ఎండలోకి నడిచి, రాళ్ళు ఏరి బండ మీదకి మోయడం మొదలుపెట్టింది. ఏనుగు తాత లేచొచ్చి, ఒక పెద్ద రాయి తొండంతో ఎత్తి అందించాడు.

నీతి: ఆటలో గాలి వీచి లెక్క తప్పితే, ఆటను ముట్టుకోకండి, సైన్యాన్ని మార్చేయండి.