పేరు పక్కన ఖాళీ

కిషన్ రావు సారు ఆ ఉదయం పెట్టుకున్న పని ఒక్కటే. హసన్‌పర్తి దగ్గరి బడిలో ముప్ఫై ఏళ్లు గంట కొట్టి, పిల్లలకు అన్నం వడ్డించి, రేపు రిటైరవుతున్న ఆయా సమ్మమ్మకు ఫ్లెక్సీ వేయించడం. ఫొటో దిగనంటే దిగనంది సమ్మమ్మ. ఆమెకు చదవొచ్చింది తన పేరొక్కటే, అదీ సారు నేర్పిందే. ఆ పేరు పెద్దక్షరాల్లో చూసుకోవాలని ఆమె ఆశ. వాడకట్టంతా చెప్పుకొచ్చింది కూడా.

సారు తెలుగు పండితుడు. పేరూ హోదా పక్కపక్కన కూర్చుంటే సమానాధికరణమని, మాటలు రెండైనా మనిషి ఒక్కరేనని పాతికేళ్లుగా పిల్లలకు నూరిపోసినవాడు. అలాంటివాడికి సమ్మమ్మ పక్కన ఏం రాయాలో తోచలేదు. ‘ఆయా’ చిన్నదనిపించింది, ‘అన్నపూర్ణ’ మరీ ఎక్కువనిపించింది. సుబేదారిలో ఫ్లెక్సీలు వేసే పవన్‌కు కాగితం మీద ‘సమ్మమ్మ’ అని మాత్రం రాసిచ్చి, "మిగిలింది ఫోన్‌ల చెప్త" అని వచ్చేశాడు.

ఇంటికి చేరాడో లేదో మాజీ సర్పంచ్ మొగిలయ్య ఫోను.

"సారూ, ఫ్లెక్సీల నా పేరుంటదా?"

"ఉంటది మొగిలయ్యా."

"ఉత్త పేరేనా? పక్కన మాజీ సర్పంచ్ అని లేకుంటే నేనెవలో ఎట్ల ఎరుక?"

మొహమాటస్థుడైన సారు సరేనన్నాడు. కబురు పాకింది. హెడ్మాస్టర్ శకుంతల మేడం ‘ఉత్తమ ఉపాధ్యాయిని’ అని పెట్టించుకుంది. శేఖర్ ‘కుర్చీల దాత’ అయ్యాడు. ఏ హోదా లేని మహిపాల్ మాత్రం, "మొగిలయ్య బామ్మర్ది అని పెట్టున్రి సార్, నడుస్తది" అన్నాడు. సారు అన్నీ పవన్‌కు చేరవేశాడు. ఈ హడావుడిలో సమ్మమ్మ పక్కన ఖాళీ సంగతే మరిచిపోయాడు.

మర్నాడు సభలో ఫ్లెక్సీ కట్టారు. సమ్మమ్మ ఈ కొస నుంచి ఆ కొస దాకా రెండుసార్లు వెతికింది.

"సారూ, నా పేరేడుంది?"

సారుకు తల కొట్టేసినట్లయింది. పవన్‌కు ఫోన్ చేశాడు.

"సమ్మమ్మనా? అందరికీ హోదా ఉన్నది, ఆ పేరుకేం లేకపాయె సార్. ఆర్డర్ పంపినామె అనుకొని బిల్లు మీద రాసిన!"

సారు ఫ్లెక్సీ విప్పించి తిరగేయించాడు. తెల్లటి వెనకవైపున రంగుతో మూరెడు అక్షరాల్లో ‘సమ్మమ్మ’ అని తానే రాశాడు. కుంచె పట్టుకుని తటపటాయిస్తూ, "పక్కన ఏం రాయాలె సమ్మమ్మా?" అన్నాడు.

"ఏమద్దు సారూ. సమ్మమ్మంటే ఎరుకలేనోళ్లు ఈడ ఎవలున్నరు?"

పిల్లలు చప్పట్లు ఆపలేదు. సారు కళ్లు తుడుచుకున్నాడు.

ఇప్పుడా ఫ్లెక్సీ సమ్మమ్మ ఇంట్లో ఉంది. ఆమె దానిమీదే మిరపకాయలు ఎండబోస్తోంది, పెద్దమనుషులున్న వైపు పైకి పెట్టి.