ముందు చివరి పేజీ

ఆ రోజు పొద్దున్నే కాఫీ గ్లాసు అందుకుంటూ ఆయన, "ఈ లేత ఎండలో నీ చెవి అంచు గులాబీరంగు గాజులా మెరుస్తోంది సుమా," అన్నాడు.

ఆవిడ ముందు ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. చల్లగానే ఉంది. తర్వాత అనుమానంగా తన చెవి తడుముకుంది. దాని చోట అది ఉంది.

"జ్వరమైతే లేదు. ఏం విరగ్గొట్టారు?"

"పెళ్ళాన్ని మెచ్చుకోవాలంటే ఏదో ఒకటి విరగ్గొట్టాలా?"

"ఇన్నాళ్ళూ అదే వరస కదండీ. కిందటిసారి నా జడ బావుందన్నారు. సాయంత్రానికి గాజు జగ్గు చెత్తబుట్టలో తేలింది."

ఆయన నొచ్చుకున్న మొహంతో కాఫీ తాగి ఆఫీసుకి వెళ్ళిపోయాడు. ఆయనకి బీమా ఆఫీసులో ఉద్యోగం. ఊళ్ళోవాళ్ళ క్లెయిముల్లో లొసుగులు పట్టడం ఆయన వృత్తి. ఆయన క్లెయిముల్లో లొసుగులు పట్టడం ఆవిడ కాలక్షేపం.

ఆవిడకి ఆ పొగడ్త చెవిలో గులకరాయి పడినట్టు అలాగే ఉండిపోయింది. ఎందుకంటే అది ప్రయాణానికి ముందు వచ్చిన పొగడ్త.

పెళ్ళైన కొత్తలో ఆయన ఆవిడకి సముద్రం చూపిస్తానన్నాడు. ఆవిడ అప్పటిదాకా సముద్రాన్ని క్యాలెండరులో తప్ప చూడలేదు. మొదటి వేసవిలో ఆఫీసుకి ఆడిట్ వచ్చింది. తర్వాతి వేసవిలో ఆయనకి పన్నునొప్పి వచ్చింది. నిరుడు పెట్టె సర్దాక బొటనవేలు బెణికింది. క్యారమ్స్ ఆడుతూ వేలు బెణికించుకున్న మనిషిని చూడటానికి డాక్టరు పక్కగదిలోంచి నర్సుని కూడా పిలిచాడు. ఇలా సముద్రం ప్రతి ఏడూ ఇంటి గుమ్మం దాకా రావడం, వెనక్కి పోవడం. అది దాని స్వభావమేనని సరిపెట్టుకుంటూ వచ్చింది ఆవిడ. ఈ ఏడు మాత్రం టికెట్లు తనే తీసింది, గది తనే మాట్లాడింది, అటక మీది పెట్టె తనే దించింది. ఈసారి అల వెనక్కి పోకూడదు, అంతే.

సాయంత్రం ఆవిడ ఉల్లిపాయలు తరుగుతుంటే ఆయన వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

"నీ కళ్ళలోనే ఒక సముద్రం ఉందోయ్. అది చూస్తూ కూర్చుంటే ఇంకెక్కడికీ వెళ్ళాలనిపించదు."

హాల్లోంచి అత్తగారు వచ్చారు. "కళ్ళలో నీళ్ళు కారుతున్నాయా అమ్మాయ్? ఒరేయ్, సముద్రమూ లేదు, చెరువూ లేదు. అవతలికి తప్పుకో, గాలి తగలనీ దానికి."

మర్నాడు ఆయన ధోరణి మారిపోయింది. భోజనం దగ్గర గోడకేసి చూస్తూ, "ఎండ. ఉక్క. నువ్వు. చాలు," అన్నాడు.

"కూర చాలా? ఇంకాస్త వెయ్యనా?"

ఆ పై రోజు ఊపిరి తీసుకోకుండా ఒకే వాక్యం మాట్లాడాడు. అందులో వాన, కిటికీ, ఆవిడ కొంగు, ఆయన బాల్యం అన్నీ ఉన్నాయి గాని క్రియ ఎక్కడా కనిపించలేదు. వారం తిరిగేసరికి ఆవిడకి ఒకే ఇంట్లో నలుగురైదుగురు మొగుళ్ళతో కాపురం చేస్తున్నట్టు అనిపించింది. అందరికీ బనియన్లు మాత్రం ఒకటే.

"ఎండ. ఉక్క. నువ్వు. చాలు." ఈ మాట తనెక్కడో విన్నది. కాదు, చదివింది.

ఆవిడ గబగబా పడగ్గదిలోకి వెళ్ళి దిండు కింద పుస్తకం తీసింది. «ఎండలో ఇద్దరు». వేసవి ప్రేమకథల సంకలనం. కథకో రచయిత, రచయితకో హీరో. ఒకరు ముక్తసరిగా రాశారు, ఒకరు కామాలతో ఊరేగించారు, ఒకరు ప్రతి వాక్యం చివరా ఆశ్చర్యపోయారు. మొగుడి ఆఫీసు సూపరింటెండెంటుగారి దగ్గర ఆవిడ అడిగి తెచ్చుకున్న పుస్తకం అది. ఆ మేడమ్ ఎవరి దగ్గర్నుంచైనా ఏదైనా తీసుకుంటారు గాని తన పుస్తకం ఎవరికీ ఇవ్వరు. ఈవిడకి ఎందుకో ఇచ్చారు.

ముదురు పసుపు కాగితాల మీద తెల్లటి వేలిముద్రలు. ముట్టుకుంటే నున్నగా జారింది. క్యారమ్స్ బోర్డు మీద చల్లే పౌడరు.

ఆఖరిది తప్ప ప్రతి కథ మొదట్లోనూ పౌడరు ఉంది. హీరో హీరోయిన్ని పొగిడే చోట దట్టంగా ఉంది. పొగడ్త అయిపోయిన మరుక్షణం పౌడరు ఆగిపోయింది. ఏ కథకీ చివరి పేజీల మీద ఒక్క మచ్చ లేదు.

ఆవిడకి ఉన్న ఒకే ఒక్క దురలవాటు ఏమిటంటే, ఏ పుస్తకమైనా ముందు చివరి పేజీ చదివి తర్వాత మొదలుపెట్టడం. "సినిమాకి వెళ్ళి శుభం కార్డు చూసి వచ్చేసే రకం నువ్వు," అని ఆయన వెక్కిరించేవాడు. "చివరేమవుతుందో తెలిస్తే మధ్యలో కంగారుండదండీ," అనేది ఆవిడ. ఇప్పుడు ఆ తెల్లటి ముద్రల్ని చూస్తూ మొదటిసారి తన అలవాటుని తనే ముద్దు చేసుకుంది.

అత్తగారు తలుపు దగ్గరగా వేసి లోపలికొచ్చారు. "అమ్మాయ్, డాబా మీద మావాడూ, ఆ జిగురూ గుసగుసలాడుకుంటున్నారు."

జిగురు అంటే ఆయన క్యారమ్స్ జోడీ. ఒకసారి కుర్చీలో కూర్చుంటే ఇక లేవడు గనుక ఆ పేరు.

"ఆఫీసుల మధ్య పోటీలట. సరిగ్గా మన ప్రయాణం వారంలోనే. 'ముందు వదినగారిని మెత్తబరుచు గురూ, తనంతట తనే వద్దనేలా చెయ్యి' అంటున్నాడు జిగురు."

"కన్నకొడుకు మీద చాడీలు చెబుతున్నారేంటత్తయ్యా?"

"నాక్కూడా టికెట్టు తీశావుగా," అన్నారు అత్తగారు తడుముకోకుండా. "నేనైతే పెట్టె సర్దేసుకున్నాను."

మర్నాడు ఆవిడ అంట్లు తోముతుంటే ఆయన వచ్చి ఆ తడి చేతులు పట్టుకున్నాడు.

"ఈ చేతులు గిన్నెలు తోమడానికి పుట్టలేదు. పువ్వులు పట్టుకోవడానికి పుట్టాయి."

పుస్తకంలో డాక్టరు హీరో కథలోని మాట అది. ఆవిడ వెంటనే చేతులు తుడుచుకుని, కుండీలోంచి ఒక పువ్వు కోసుకుని, ఫ్యాను కింద కూర్చుంది.

"మరి గిన్నెలు?"

"పుట్టలేదన్నారుగా."

"అంటే... ఊరికే అన్నాను."

"ఊరికే అన్నారా?" ఆవిడ గొంతు కాస్త వణికించింది.

ఆ కథ చివర్లో డాక్టరు వేసవంతా హీరోయిన్ ఇంట్లో వంట చేసి, గిన్నెలు తోమి, దుప్పట్లు ఉతుకుతాడు. మన హీరో కూడా అదే చేశాడు, చివరి పేజీ చదవకుండానే. అత్తగారు పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, "అడుగున మసి అలాగే ఉందిరా," అంటూ దర్శకత్వం వహించారు.

చేతులు నానిపోయినా ఆయన వెనక్కి తగ్గలేదు. శనివారం మళ్ళీ మొదటి కథలోని చిత్రకారుడయ్యాడు. "నా కుంచె అలిగి కూర్చుంది. నీ బొమ్మ గీస్తే గాని లేవనంటోంది," అన్నాడు.

ఆవిడ సున్నం బకెట్టు, ఇంత వెడల్పు కుంచె తెచ్చి చేతికిచ్చింది. "పాపం, అలక తీర్చండి. వంటిల్లు నల్లబడింది."

"ఇదేంటోయ్, ఆ కథలో... అంటే, నా ఉద్దేశం..."

"ఏ కథలోనండీ?"

"ఏ కథా లేదు!" అని ఆయన నిచ్చెనెక్కాడు. ఆ కథ చివర్లో చిత్రకారుడు హీరోయిన్ ఇల్లంతా సున్నం వేస్తాడు. సాయంత్రానికి ఆయన జుట్టు, కనుబొమలు ఒక్క రంగులోకి వచ్చాయి. "వీడు అచ్చం వాళ్ళ తాతలా ఉన్నాడు," అని అత్తగారు మురిసిపోయారు.

రాత్రి భోజనాలయ్యాక ఆవిడ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని గట్టిగా నిట్టూర్చింది.

"ఏమైందోయ్?"

"ఆఖరి కథ. పడవల పందేలాడే కుర్రాడు. పందానికి ముందు తన జట్టంతా చూస్తుండగా ఆ పిల్లని 'ఏం కావాలో అడుగు' అంటాడు. నలుగురి ముందూ అడిగాడండీ! అలాంటి గుండె కథల్లోనే ఉంటుంది లెండి." పుస్తకం బల్ల మీద పెట్టి, దీపం ఆర్పకుండా పడుకుంది.

పొద్దున చూస్తే ఆఖరి కథలో పౌడరు పడింది. 'ఏదడిగినా ఇస్తాను' దగ్గర ఆగింది. ఆయనకి కావలసింది దొరికేసింది మరి. ఇంతవరకు ఆ పుస్తకంలో అడిగిన ప్రతి హీరోకీ హీరోయిన్ సిగ్గుపడుతూ 'నాకేం వద్దు, మీరుంటే చాలు' అనే చెప్పింది. ఆ ముక్క సాక్షుల ముందు ఆవిడ చేత అనిపిస్తే చాలు, తర్వాత మాట మార్చడానికి వీలుండదు. లొసుగులు పట్టే మనిషికి లొసుగు లేని పథకం దొరికిన ఆనందం ఆయన మొహంలో తెలిసిపోతోంది.

ఆదివారం మధ్యాహ్నం హాల్లో క్యారమ్స్ బోర్డు పరిచారు. జిగురు కుర్చీకి అంటుకున్నాడు. బోర్డు మీద పౌడరు చల్లుతుండగా తలుపు చప్పుడైంది. సూపరింటెండెంటుగారు.

"మేడమ్! మీరా!" ఆయన స్ట్రైకరుతో సహా లేచి నిలబడ్డాడు.

"మీ ఆవిడ ఫోన్ చేసింది, పుస్తకం చదవడం అయిపోయిందని. ఇటు పోతూ తీసుకుందామని వచ్చాను. సాధన చేస్తున్నారా? మంచిది. ఆఫీసు పరువు మీ చేతుల్లో ఉంది."

ఆయన కళ్ళు మెరిశాయి. ఇంతకంటే పెద్ద సాక్షి ఎక్కడ దొరుకుతుంది? జిగురు కిందినుంచి కాలితో తన్నాడు. ఆయన గొంతు సవరించుకుని, కాఫీలు తెస్తున్న ఆవిడకి ఎదురెళ్ళి, స్ట్రైకరు గుండెకి ఆనించుకున్నాడు.

"ఇందరి ఎదుట అడుగుతున్నాను. నీకేం కావాలో అడుగు. ఏదడిగినా ఇస్తాను. ఇవ్వకపోతే నేను మనిషినే కాదు."

హాల్లో ఫ్యాను తప్ప ఏదీ తిరగలేదు. ఊలు అల్లుతున్న అత్తగారు ఆగిపోయారు. ఆవిడ ట్రే బల్ల మీద పెట్టి, హీరోయిన్లందరూ దించినట్టే తల దించుకుంది.

"నాకేం..." అంది.

ఆయన మొహం వెలిగిపోయింది. జిగురు బొటనవేలు పైకెత్తాడు.

"...నాకేం కావాలో ఇన్నేళ్ళకి అడిగారు," అని తలెత్తింది ఆవిడ. "మీ పందెం రోజులు నాకివ్వండి. ఆ వారం సముద్రం దగ్గరుందాం."

మేడమ్ చప్పట్లు కొట్టేశారు. "అచ్చం చివరి పేజీ! వాడు వెంటనే తెడ్డు విరిచి నీళ్ళలో పారేస్తాడు. నేనైతే అక్కడ ఏడ్చేశాను. శభాషండీ, ఇంట్లో ఇంత ప్రేముందని ఆఫీసులో ఎప్పుడూ అనిపించలేదు."

"తెడ్డు... విరుస్తాడా?" అన్నాడు ఆయన.

"చదవలేదూ?" మేడమ్ పుస్తకం చేతిలోకి తీసుకుని తెరిచారు. వేళ్ళ వైపు చూసుకున్నారు. ఇంకో కథ తిప్పారు. ఇంకోటి. తర్వాత బోర్డు మీది పౌడరు వైపు, ఆయన వేళ్ళ వైపు నెమ్మదిగా చూశారు. క్లెయిము ఫైలు చివరి పేజీ చదవకుండా సంతకం పెట్టినవాళ్ళని ఆఫీసులో మేడమ్ అలాగే చూస్తారట.

"అయితే ఇదన్నమాట," అన్నారు. "రెడ్డు కాయ పడగానే లేచి వెళ్ళిపోతే సరిపోదయ్యా. దాని వెంటనే ఇంకో కాయ, ఫాలో కూడా వెయ్యాలి. లేకపోతే రెడ్డు మళ్ళీ బోర్డు మధ్యకే వస్తుంది. జట్టుకి నాయకుడివి, ఇది నేను చెప్పాలా?"

ఆయన నేల వైపు చూశాడు. అక్కడ రాసి ఉన్నదేమీ లేదు.

"సెలవు కాగితం రేపు నా బల్ల మీద ఉండాలి."

"మరి పోటీ మేడమ్?" అన్నాడు జిగురు నీరసంగా.

"నేనాడతా. ఇలా ఇవ్వండి." మేడమ్ ఆయన చేతిలోంచి స్ట్రైకరు తీసుకుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చుని, ఒక్క దెబ్బకి రెడ్డు వేశారు. మరో దెబ్బకి ఫాలో వేశారు. ఆ వారమంతా మేడమ్ ఎదురుగా కూర్చుని ఆడాలన్న సంగతి అప్పుడు అర్థమైంది జిగురుకి. అతను కుర్చీలోంచి తనంతట తను లేవడం అందరూ మొదటిసారి చూశారు.

ఈసారి అల వెనక్కి పోలేదు. పోయినా మళ్ళీ వచ్చింది, మళ్ళీ వచ్చింది. ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ళ అంచున నిలబడింది. అత్తగారు అప్పటికే నడుము దాకా తడిసి, అలల్ని పేరు పెట్టి పిలవడం ఒక్కటే తక్కువగా కేరింతలు కొడుతున్నారు.

"అబ్బ! పెద్దగానే ఉందే," అన్నాడు ఆయన పక్కన నిలబడి.

"ఇది ఏ కథలోదండీ?"

"ఏ కథలోదీ కాదు. నోటికొచ్చింది, అన్నాను."

ఆవిడ ఆయన వైపు తిరిగి చూసింది. ఈ నెలంతా విన్న వాటిలో ఆవిడ చెవికి నచ్చిన మాట అదొక్కటే. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. చెప్తే రోజూ అదే అంటాడు.

ఆవిడ నీళ్ళలోకి దిగింది. కాసేపటికి వెనక్కి తిరిగి చూస్తే ఆయన ఇసకలో కూర్చుని, ప్రయాణానికి మేడమ్ ఇచ్చిన రెండో సంకలనం తెరుస్తున్నాడు. చివరి పేజీ దగ్గర.

"అదేంటండీ, శుభం కార్డు నుంచి మొదలెట్టారు?"

"ఏం లేదోయ్," అన్నాడు ఆయన తల గోక్కుంటూ. "ఎంత లోతు మునుగుతానో ముందే చూసుకుందామని."

"మోకాళ్ళ దాకానే," అంది ఆవిడ చెయ్యి చాపుతూ. "రండి."